తూము గేమ్ డైరీ: తెరకి ఆనితే దెబ్బ, వెనక్కి పోతే నీడ

ముందు ఇది ఏంటో చెప్పేస్తా. గేమ్ పేరు తూము. పక్క నుంచి కనిపించే 2డి యాక్షన్ అడ్వెంచర్, కీబోర్డుతో ఆడొచ్చు, గేమ్‌ప్యాడ్ ఉంటే దాంతోనూ ఆడొచ్చు, విండోస్‌కీ లినక్స్‌కీ రెండిటికీ చేస్తున్నా. పూర్తిగా ఫ్రీ, యాడ్స్ ఉండవు, లోపల కొనాల్సింది ఏదీ ఉండదు. ఆఫీసు అయ్యాక రాత్రిళ్ళూ ఆదివారాలూ కూర్చుని చేస్తున్న పని.

కథ చిన్నదే. ఒకదాని కింద ఒకటి గొలుసుకట్టుగా ఉన్న ఆరు చెరువులు. పై చెరువు నిండి మరువ పారితే ఆ నీళ్ళు కింద చెరువుకి రావాలి, రావట్లేదు, తూములు మూసుకుపోయినాయి. చెరువు నీళ్ళు పంచే నీరుగంటి కూతురు గంగి కట్ట కింద ఉన్న పాత రాతి దారుల్లోకి దిగి, లోపల కాపు కాస్తున్న వాటితో కొట్లాడుకుంటూ, ఒక్కో తూమూ తెరుచుకుంటూ పై చెరువు దాకా పోవాలి. గంగితో సహా అందరూ తోలుబొమ్మలే, ఆట మొత్తం వెనక దీపం పెట్టిన తెల్ల గుడ్డ మీద జరుగుతుంది.

ఒక్కడివే ఇంత పని ఎప్పటికి తెములుస్తావురా అని ఫ్రెండ్స్ అడుగుతుంటారు, వాళ్ళందరికీ కేవ్ స్టోరీ అనే గేమ్ గురించి చెప్తా. జపాన్‌లో దైసుకే అమాయా అనే ఆయన పిక్సెల్ అనే పేరుతో ఖాళీ టైంలో 5 ఏళ్ళు కూర్చుని ప్రోగ్రామింగ్, బొమ్మలు, మ్యూజిక్, కథ అన్నీ తనే చేసుకుని 2004 డిసెంబర్‌లో ఆ గేమ్‌ని ఫ్రీగా ఇచ్చేశాడు, మ్యూజిక్ రాసుకునే సాఫ్ట్‌వేర్ కూడా తనే తయారు చేసుకున్నాడు. స్క్రీన్ సైజు 320 బై 240 అంతే. కానీ దూకితే ఎంత ఎత్తు లేస్తాడు, గాల్లో ఉండగా ఎంత పక్కకి తిప్పొచ్చు, అదంతా ఇప్పుడు ఆడినా చేతికి హాయిగా ఉంటుంది. జపనీస్‌లో ఉన్నదాన్ని అభిమానులు ఇంగ్లీషులోకి మార్చాకే బయట దేశాల వాళ్ళకి చేరింది, అందుకే నేను మొదటి రోజే గంగి మాట్లాడే ప్రతి మాటా కోడ్ బయట ఒక సీఎస్‌వీ (పట్టికలాంటి టెక్స్ట్) ఫైల్లో పెట్టుకున్నా, రేపు ఎవరైనా కన్నడంలోకి మార్చాలన్నా ఆ ఒక్క ఫైల్ ఇస్తే చాలు. స్పెలంకీ అనే గేమ్ కూడా అంతే, డెరెక్ యూ 2008లో గేమ్ మేకర్‌లో చేసి ఫ్రీగా వదిలాడు, 2009లో సోర్స్ కోడ్ కూడా ఇచ్చేశాడు. నాకు వీళ్ళే ధైర్యం.

సంక్రాంతి సెలవులు: బొమ్మలు

ఇంజిన్, అంటే గేమ్ తయారు చేసే సాఫ్ట్‌వేర్, గోడో 4. ఎంఐటీ లైసెన్స్ కాబట్టి ఫ్రీగా ఇచ్చినా అమ్మినా ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు, వాళ్ళ లైసెన్స్ టెక్స్ట్ గేమ్‌తో పాటు ఇస్తే సరిపోతుంది. అందులో మూడు రకాల రెండరర్లు, అంటే స్క్రీన్ మీద బొమ్మ గీసే పద్ధతులు, ఉన్నాయి, నేను కంపాటిబిలిటీ అనేది తీసుకున్నా, అది పాత గ్రాఫిక్స్ పద్ధతి ఓపెన్‌జీఎల్ మీద నడుస్తుంది కాబట్టి కొత్తదైన వల్కన్ సపోర్ట్ లేని పాత కాలేజీ లాప్‌టాపుల్లో కూడా ఆడుతుంది. నా గేమ్ ఆడాల్సిన పిల్లల దగ్గర ఉండేవి అవే.

బొమ్మల కోసం ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకి పోయొచ్చా. తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఉన్న ఊరు, 2020లో పద్మశ్రీ వచ్చిన దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. ఇప్పుడు అక్కడ ల్యాంప్ షేడ్లూ గోడకి తగిలించే బొమ్మలూ ఎక్కువ చేస్తున్నారు, అవే అమ్ముడుపోతాయి కాబట్టి. నేను ఆటకి వాడే బొమ్మ కావాలని అడిగితే ఒక పెద్దాయన సంతోషంగా లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టి చూపించాడు. మేక తోలుని శుభ్రం చేసి వెలుతురు దూరేంత పల్చగా చేస్తారు, దాని మీద గీత గీసి, నగలు ఉండాల్సిన చోట ఉలితో సన్న సన్న రంధ్రాలు కొడతారు, దీపం వెనక ఉన్నప్పుడు ఆ రంధ్రాలే మెరిసే నగలు. తర్వాత రెండు వైపులా రంగు. తల, భుజం, మోచెయ్యి, కాళ్ళు విడివిడి ముక్కలు, కీలు దగ్గర దారంతో ముడి వేస్తారు. డబ్బులిచ్చి ఒక బొమ్మ కొనుక్కున్నా, గేమ్‌లో వాడుకుంటానని ఆయనకి చెప్పి ఒప్పుకున్నాకే వాడుతున్నా, క్రెడిట్స్‌లో మొదటి పేరు ఆయనదే.

స్కానర్‌లో పెడితే రంగులు చచ్చిపోయినట్టు వచ్చాయి. ఎల్‌ఈడీ ప్యానెల్ మీద పరిచి పైనుంచి ఫోటో తీస్తే అప్పుడు ఆ ఎరుపూ ఆ పసుపూ లోపలి నుంచి వెలిగినట్టు వచ్చాయి, ఆ ఫోటోల్లోంచి ముక్కలు కట్ చేసి గోడోలో ఒక్కో ముక్కనీ ఒక్కో స్ప్రైట్‌గా (విడి బొమ్మగా) పెట్టా, దారం ముడి ఎక్కడుందో అక్కడే పివట్, అంటే ముక్క తిరిగే చోటు, భుజానికి కింద మోచెయ్యి చైల్డ్, అంటే భుజం కదిలితే అదీ కదులుతుంది, మోచేతికి కింద అరచెయ్యి చైల్డ్. కంప్యూటర్ వాళ్ళు కటౌట్ యానిమేషన్ అంటారే, దాన్ని మనవాళ్ళు ఎన్ని తరాల ముందు నుంచో తోలూ దారంతో చేస్తున్నారు, పివట్ ఎక్కడ పెట్టాలో నేను ఆలోచించాల్సిన పనే లేదు, బొమ్మలోనే ఉంది.

కదిలించేటప్పుడు మాత్రం చాలా రోజులు పట్టింది. గోడోలోని యానిమేషన్ ప్లేయర్‌లో రెండు పోజులు పెడితే మధ్యలో అంతా అదే నున్నగా నింపేస్తుంది, చూస్తే టీవీలో చవక కార్టూన్ కదిలినట్టుంది, తోలుబొమ్మ అలా కదలదు. నిమ్మలకుంటలో పెద్దాయన ఆడించింది ఫోన్‌లో వీడియో తీసుకున్నా, దాన్ని నెమ్మదిగా తిప్పి తిప్పి చూశా. ఆయన మణికట్టు ఒక్కసారి విసురుతుంది, ఠక్కున ఆగుతుంది. ఒళ్ళు ఆగిపోయినా మోచేతి కింది భాగం, కాళ్ళు ఇంకా ఊగుతుంటాయి. అంటే ఒళ్ళు ఆడించేవాడిది, కాళ్ళూ చేతులూ బరువుకి వాటంతట అవి ఊగేవి. అందుకని ఒళ్ళూ తలా భుజం వరకూ సెకనుకి 12 పోజులే, మధ్యలో నింపకుండా, మోచేతి నుంచి కిందకీ మోకాలి నుంచి కిందకీ యానిమేషనే లేదు, చిన్న స్ప్రింగ్ లెక్క. ఉండాల్సిన కోణానికీ ఉన్న కోణానికీ తేడాని బిగువు అంకెతో గుణించి వేగానికి కలపడం, ప్రతి ఫ్రేమ్‌లో వేగాన్ని కొంచెం తగ్గించడం, ఆరు లైన్ల కోడ్. అది రన్ చేసిన రాత్రి గంగి నడిచి వచ్చి ఆగింది, ఆగాక చెయ్యి రెండుసార్లు ఊగి నిలబడింది, ఎంత ఆనందం వేసిందో చెప్పలేను.

ఉగాది తర్వాత: దగ్గర, దూరం

ఈ గేమ్‌కి ప్రాణం ఇదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తా.

బొమ్మని తెరకి ఆనించి పట్టుకుంటే అంచులు పదునుగా, రంగులు నిండుగా కనిపిస్తాయి. దీపం వైపు వెనక్కి జరిపితే పెద్దదైపోతుంది, అంచులు మసకబారతాయి, రంగు పల్చబడుతుంది. యాక్షన్ గేమ్‌లో అన్నిటికంటే కష్టమైన విషయం శత్రువు ఎప్పుడు కొట్టబోతున్నాడో ఆడేవాడికి ముందే తెలిసేలా చెయ్యడం, చాలా గేముల్లో ఎర్రగా మెరిపిస్తారు లేదా తల మీద ఒక గుర్తు పెడతారు. నాకు అవేవీ అక్కర్లేదు. శత్రువు తెర నుంచి దూరంగా ఉన్నంతసేపు నువ్వు వాణ్ణి కొట్టలేవు, వాడు నిన్ను కొట్టలేడు, పెద్ద మసక నీడలా తిరుగుతుంటాడు. కొట్టాలంటే తెరకి ఆనాలి, ఆనేటప్పుడు చిన్నగా, పదునుగా మారుతూ వస్తాడు, ఆ మార్పే హెచ్చరిక. తెరకి ఆనిన క్షణం నుంచి ఇద్దరికీ దెబ్బ తగులుతుంది. గేమ్ మొత్తానికి కొట్లాట రూల్ ఇదొక్కటే.

మసక చెయ్యడానికి మామూలు బ్లర్ షేడర్ (గ్రాఫిక్స్ చిప్ మీద నడిచే చిన్న ప్రోగ్రామ్) పెడితే పాత లాప్‌టాప్‌లో ఫ్రేములు పడిపోయాయి, ఒక్కో పిక్సెల్‌కీ చుట్టుపక్కల బోలెడు పిక్సెళ్ళు చదవాలి కదా. దానికి బదులు బొమ్మని ఇంపోర్ట్ చేసేటప్పుడు మిప్‌మ్యాప్స్ ఆన్ చేశా, అంటే ఒకే బొమ్మకి సగం సైజు, పావు సైజు, అలా చిన్న కాపీలు ముందే తయారై ఉంటాయి, షేడర్‌లో దూరాన్ని బట్టి ఏ కాపీ చదవాలో చెప్తే చాలు, చిన్న కాపీని పెద్దగా సాగదీస్తే అదే మసక. ఒక్క చదువుతో అయిపోతుంది. అయితే ముక్కలన్నీ ఒకే 2048 బై 2048 షీట్‌లో పక్కపక్కన ఉండేవి, బాగా మసక చేసినప్పుడు పక్క ముక్క రంగు ఇందులోకి కారేది, గంగి చేతి అంచున రాక్షసుడి మీసం నలుపు. నాలుగో మెట్టు కాపీలో ఒక్క పిక్సెల్ అంటే అసలు బొమ్మలో 16 పిక్సెళ్ళు, అందుకే ముక్కకీ ముక్కకీ మధ్య 32 పిక్సెళ్ళ ఖాళీ వదిలా, నాలుగో మెట్టు దాటి పోకుండా కట్టేశా. ఇప్పుడు శుభ్రంగా ఉంది.

దీపం అల్లాడడానికి నాయిస్ ఫంక్షన్ వాడా, అది ఒక వరస లేకుండా మారే అంకెలిస్తుంది, ఒకే తీరుగా ఊగే సైన్ వేవ్ పెడితే ట్యూబ్‌లైట్ మినుకుమినుకుమన్నట్టే ఉంటుంది, ఆముదం దీపంలా ఉండదు.

చేతికి హాయిగా ఉండటం కోసం చేసినవి మిగతా వాళ్ళు చేసేవే. మెట్టు అంచు దాటాక కూడా 0.1 సెకను దాకా దూకనిస్తా, నేల తాకడానికి 0.12 సెకన్ల ముందు బటన్ నొక్కినా గుర్తు పెట్టుకుని తాకగానే దూకిస్తా. దెబ్బ తగిలినప్పుడు 0.06 సెకను ఆట మొత్తం ఆగుతుంది, టైం స్కేల్, అంటే ఆట నడిచే వేగం, సున్నా చేసి మళ్ళీ ఒకటి చెయ్యడమే, కాకపోతే తిరిగి ఒకటి చేసే టైమర్ కూడా ఆగిపోతుంది కాబట్టి దానికి టైం స్కేల్‌ని పట్టించుకోవద్దు అనే ఆప్షన్ ట్రూ ఇవ్వాలి. టైం స్కేల్ మారినా సౌండ్ మాత్రం ఆగదు, అది నాకు కలిసొచ్చింది. తోలుబొమ్మలాటలో యుద్ధం వస్తే తెర వెనక ఆడించేవాళ్ళు కాలి కింద చెక్కని ఠంగుమని తొక్కుతారు. మా ఇంటి పాత తలుపు చెక్క నేల మీద వేసి మడమతో తొక్కి రికార్డు చేశా. బొమ్మలు నిలిచిపోయి ఉంటాయి, చెక్క చప్పుడు మోగుతూ ఉంటుంది, దెబ్బకి బరువు వచ్చేసింది.

ఎండాకాలం: ఆరు చెరువులు, ఆరు దోషాలు

లెవెల్స్ ఎలా వేరువేరుగా చెయ్యాలా అని ఆలోచిస్తుంటే కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం గుర్తొచ్చింది. 1369 నాటిది, బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని అందులో ఉంది. అంతకన్నా గొప్ప సంగతి, మంచి చెరువుకి ఉండాల్సిన 12 అంగాలూ, ఉండకూడని 6 దోషాలూ రాయి మీద చెక్కించాడు. కట్ట నుంచి నీళ్ళు కారడం, ఉప్పు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు మధ్యలో నేల మిట్టగా ఉండటం, నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్ళు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. చదివిన రాత్రే ఆరు చెరువులూ కాగితం మీద గీసేశా, ఒక్కో చెరువుకి ఒక్కో దోషం. 650 ఏళ్ళ కిందటి ఇంజినీర్లు నాకు గేమ్ డిజైన్ రాసి పెట్టారు అనిపించింది, నిజంగా.

మొదటి చెరువులో కట్ట కారుతుంటుంది, తడి ఎక్కడుందో చూసి దారి కనుక్కోవాలి. నాలుగో దాంట్లో మధ్యలో మిట్ట, నీళ్ళు సగానికి దించితేనే బయటపడుతుంది, పూర్తిగా దించితే దాని చుట్టూ లోతు గుంటలు పడి ఎక్కలేవు. సరిహద్దు చెరువుకి రెండు పక్కలా ఇద్దరు కాపలాదార్లు, ఒకడు తెరకి ఆనితే రెండోవాడు వెనక్కి పోతాడు, ఇద్దరినీ ఒకేసారి తెరకి రప్పించాలి, ఇప్పటిదాకా చేసిన కొట్లాటల్లో నాకు బాగా ఇష్టమైంది ఇదే. శాసనంలోని 12 అంగాలు 12 రాళ్ళుగా గేమ్ అంతా దాచిపెట్టా.

తూము కూడా నిజంగా ఎలా ఉంటుందో అలాగే గీశా. చెరువు లోపల రెండు నిలువు రాతి స్తంభాలు, వాటి మధ్య అడ్డంగా బెజ్జాలున్న రాతి పలకలు, ఆ బెజ్జాల్లోంచి కిందకి దిగే పొడుగు కర్ర, కర్ర చివర అడుగు రంధ్రాన్ని మూసే బిరడా. గంగి ఈదుకుంటూ పోయి పలక మీదకెక్కి కర్ర పైకి లాగాలి, లాగుతున్నంతసేపు దెబ్బ తినకూడదు.

ఇక్కడ పెద్ద చిక్కు ఉంది. ఒక చెరువు దించితే కింది చెరువు నిండుతుంది, కొన్ని దారులు మునుగుతాయి, కొన్ని తేలతాయి, ఆడేవాడు ఏ వరసలో తెరుస్తాడో మనకి తెలీదు, ఎక్కడో ఒకచోట ముందుకీ పోలేక వెనక్కీ రాలేక ఇరుక్కుపోతే అక్కడితో గేమ్ డిలీట్ చేసేస్తాడు. చేత్తో ఆడి అన్నీ చూడటం అయ్యే పని కాదు. అందుకే ప్రతి చెరువుకీ ఎండు, సగం, నిండు అని మూడే మట్టాలు పెట్టుకున్నా. ఆరు చెరువులకి 729 రకాలు, గంగికి దొరికే రెండు పనిముట్లు ఉన్నాయా లేదా అన్నది కలిపితే 2916, గేమ్‌లో చోట్లు 30, మొత్తం 87,480 స్థితులు. ఇది కంప్యూటర్‌కి ఏమంత పెద్ద లెక్క కాదు. మొదలుపెట్టిన చోటు నుంచి చేరగలిగే స్థితులన్నీ పట్టుకుని, ప్రతి దాంట్లోంచి చివరి తూము దాకా దారి ఉందో లేదో చూసే స్క్రిప్ట్ రాశా, మ్యాప్‌లో ఏది మార్చినా అది నడిపాకే సేవ్. రెండో చెరువులో నీళ్ళు ఎండగట్టి పనిముట్లు లేకుండా పడమటి గదిలోకి పోతే బయటికి దారి లేదని అదే పట్టిచ్చింది, అక్కడ గోడకి నాలుగు మెట్ల రాళ్ళు పెట్టా, సరిపోయింది.

తెలుగు అక్షరాలు

గోడో 3లో తెలుగు ఒత్తులు విడిపోయి కనిపించేవి. 2023లో వచ్చిన 4లో అక్షరాల్ని కలిపి అమర్చే హార్ఫ్‌బజ్ ఉంది కాబట్టి అక్షరాలు చక్కగా కలుస్తాయి, అది లేకపోతే ఈ గేమ్ తెలుగులో మొదలుపెట్టేవాణ్ణే కాదు. ఒకటి మాత్రం చూసుకోవాలి, మాటలు ఒక్కో అక్షరం టైప్ అయినట్టు కనిపించే ఎఫెక్ట్ పెడితే స్త్రీ అనే ఒక్క అక్షరం లోపల ఆరు కోడ్లు, స అని వచ్చి పొల్లుగా మారి త తగిలి, కళ్ళ ముందే ఆరుసార్లు రూపం మార్చుకుంటుంది. లేబుల్‌లో విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్ అనే సెట్టింగ్‌ని షేపింగ్ (అక్షరాలు కలవడం) తర్వాత అని మార్చాలి, అప్పుడు అక్షరం మొత్తంగా వస్తుంది. తెలుగులో గేమ్ చేసేవాళ్ళు ఎవరైనా ఇది రాసిపెట్టుకోండి. ఫాంట్ మండలి, శీర్షికలకి రామభద్ర, రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌వే, గేమ్‌లో కలిపి ఇచ్చుకోవచ్చు. స్క్రీన్ 640 బై 360కి డిజైన్ చేసినా అక్షరాలు మాత్రం ఆడే స్క్రీన్ అసలు రిజల్యూషన్‌లోనే గీయిస్తున్నా, లేకపోతే చిన్న సైజులో ఒత్తులు నల్లటి చుక్కలైపోతాయి.

మాటలు మా అనంతపురం మాటలే. తోలుబొమ్మలాటలో రంగానికీ రంగానికీ మధ్య జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి నవ్విస్తారు కదా, నా గేమ్‌లో ప్రతి సేవ్ పాయింట్ దగ్గరా వాళ్ళిద్దరే, సూచనలన్నీ వాళ్ళ నోటితోనే. "ఏం పాపా, కట్ట కిందికి దిగుతాండావా? ఆ కుడిపక్క రాయి తడిగుంది సూడు, యాడో కారతాంది" అంటుంది బంగారక్క. ఆమె చెప్పింది సగం నిజం, పోలిగాడు చెప్పింది మిగతా సగం, ఇద్దరితోనూ మాట్లాడితేనే సంగతి తెలుస్తుంది.

పిల్లలు ఆడారు

ఎండాకాలం సెలవులకి మా అక్కా పిల్లలూ వచ్చారు, మొదటి రెండు చెరువులూ వాళ్ళకి ఇచ్చి పక్కన కూర్చున్నా, నోరు మెదపలేదు. పెద్దది ఏడో తరగతి. మొదటి కాపలా బొమ్మతో కాసేపు తంటాలు పడి, "రేయ్, వీడు ఎనక్కి పోయినప్పుడు కొట్టినా వేస్ట్, బొమ్మ సక్కగా కనపడేదాకా ఆగల్ల" అని తమ్ముడికి చెప్పడం మొదలుపెట్టింది. రూల్ గురించి ఒక్క ముక్క కూడా ఎవరూ చెప్పలేదు ఆమెకి. ఆ రాత్రే మొదటి గదిలో ఉన్న ట్యుటోరియల్ టెక్స్ట్ అంతా తీసేశా.

చిన్నోడు ఇంకో సంగతి బయటపెట్టాడు. ఎడమ బాణం, పై బాణం పట్టుకుని స్పేస్ నొక్కితే గంగి దూకట్లేదు. కోడ్‌లో ఏమీ లేదు, చవక కీబోర్డుల్లో వైరింగ్ వల్ల కొన్ని మూడు కీలు కలిపి నొక్కితే మూడోది కంప్యూటర్‌కి అందదు. అందుకని దూకడం జెడ్‌కీ కొట్టడం ఎక్స్‌కీ మార్చా, ప్రతి కీ ఆడేవాళ్ళు ఇష్టమొచ్చినట్టు మార్చుకునే మెనూ కూడా పెట్టా.

ఇప్పుడు ఎక్కడున్నాం

నాలుగు చెరువులు పూర్తిగా ఆడొచ్చు, ఐదోది గదులు అయ్యాయి, కాపలా బొమ్మ కాలేదు. ఆరోదాంట్లో నీళ్ళు ఎక్కువ, ఆయకట్టు తక్కువ, అంటే తూము తెరవడం తేలికే గానీ తెరిచాక నీళ్ళు ఎటు పంపాలన్నది చిక్కు, దానికి కింది ఐదు చెరువుల్లో ఆడేవాడు ఏం తెరిచి వచ్చాడో అదంతా లెక్కలోకి వస్తుంది, స్క్రిప్ట్‌కి ఇంకా పని పెరిగింది. మృదంగం వాయించే ఫ్రెండ్ మూడు ట్రాకులు ఇచ్చాడు, ఫ్రీ గేమ్‌లో వాడుకోమని లైసెన్స్ కాగితం కూడా రాసిచ్చాడు, అవి కుదించిన ఓజీజీ ఫైళ్ళుగా పెట్టా, దెబ్బల చప్పుళ్ళు మాత్రం వేవ్ ఫైళ్ళే, పాత ప్రాసెసర్ మీద భారం తక్కువ.

ఈ వారం ఐదో చెరువు కాపలా బొమ్మ పని. నీళ్ళు తక్కువ ఉన్న చెరువు కాబట్టి వాడు ఎండిన తోలు, కీళ్ళు బిగుసుకుని ఉంటాయి, స్ప్రింగ్ బిగువు పెంచి ఊపు తగ్గిస్తే నడక ఎలా వస్తుందో చూడాలి. గంగి వాడి మీదకి నీళ్ళు వదిలిన కొద్దీ ఒక్కో కీలూ వదులవుతుంది, చివరికి చేతులు ఎటు పోతాయో వాడికే తెలియకుండా ఊగుతూ కొడతాడు, అప్పుడే వాడు అన్నిటికంటే ప్రమాదం. ఆ తర్వాత మొదటి రెండు చెరువులూ జిప్ చేసి డెమోగా ఇస్తా, 4 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్ ఎవరి దగ్గరుంటే వాళ్ళు ముందు ఆడి ఫ్రేములు ఎన్ని వస్తున్నాయో చెప్పండి, ఎఫ్3 నొక్కితే పై మూలలో అంకె కనిపిస్తుంది.